పీర్ల బావి నీళ్ళు, తలుపుకాడి పిల్ల

గురజాల దూదేకుల వీధిలో ఖాతూన్ బీ విల్లు పట్టిన నాడు వీధి వీధంతా ముక్కున వేలేసుకుంది. ఆడది దూది ఏకడమేందని మగాళ్ళు గొణిగారు. ఆడాళ్ళు అంతకంటే ఎక్కువ గొణిగారు. గొణిగినవాళ్ళలో ఒక్కరూ ఆమె ఇంటికి గిద్దెడు జొన్నలు పంపిన పాపాన పోలేదు. మొగుడు ఇమాం సాహెబ్ ముప్పై ఏళ్ళు దూది నుసి మింగీ మింగీ రొమ్ము పాడుచేసుకున్నాడు. విల్లు నరం మోగితే చాలు, ఆయనకి దగ్గు తెర కమ్ముకొచ్చేది. ఇక ఆ పని మానుకుని పీర్ల చావిడి చూసుకుంటూ కూర్చున్నాడు. చావిడి ఊడవడం, గురువారం ఊదు వెయ్యడం, పీర్లని పెట్టెలో భద్రంగా ఉంచడం, చావిడి ముందరి బావి గిలకకి తాడు మార్చడం. గౌరవమైన పనే, కాదనలేదు ఎవరూ. కానీ పొయ్యి మీద ఎసరు పెట్టాల్సింది ఖాతూన్ బీ గనక ఆమె విల్లందుకుంది.

అందుకుని ఊరుకోలేదు. ఆమె గూటంతో నరం మీద ఒక్క దెబ్బ వేస్తే పొట్టు ఒక పక్కకీ దూది ఒక పక్కకీ పోవాల్సిందే. ఆమె ఏకిన దూదిని అరచేతిలో పెట్టి ఊదితే వాసాల దాకా పోయి తీరిగ్గా దిగి వచ్చేది. ఆ సంగతి ఆమెకి తెలుసు. ఎదుటివాళ్ళకి తెలియకపోతే తెలిసిందాకా చెప్పేది.

ఆ చెయ్యి బొమ్మల షెడ్డు దాకా పోవడానికి కారణం యుద్ధం. ఠాణా వెనక పెంకుల షెడ్డు ఒకటుండేది. కృష్ణ ఒడ్డు చేలల్లో తవ్వితే బయటపడ్డ చెక్కుడు రాళ్ళని సర్కారు వాళ్ళు బళ్ళ మీద తెచ్చి అందులో నిలబెట్టారు. పేరుకి మ్యూజియం. ఊరికి మాత్రం బొమ్మల షెడ్డే. దాన్ని చూసుకునే గుమాస్తా చెన్నకేశవరావు పంతులు, కాపలాదారు ఇశ్రాయేలు. ఇద్దరు మనుషులూ నలభై రాళ్ళూ.

ఆ రాళ్ళు చౌడు నేలలో ఎన్ని వందల ఏళ్ళు పడున్నాయో, నేలలో ఉన్న ఉప్పంతా తాగేశాయి. గాలి తగిలేసరికి ఆ ఉప్పు లోపల్నించి పైకి పొంగి తెల్లటి నూగు కట్టడం మొదలుపెట్టింది. నూగుతో పాటు రాయి పైపొర కూడా పెచ్చులు పెచ్చులుగా రాలుతోంది. నలభై మూడో సంవత్సరం చలికాలంలో మద్రాసు నుంచి రాళ్ళ జబ్బులు చూసే ఆఫీసరు ఒకాయన వచ్చాడు. ఊళ్ళో ఆయనకి రాళ్ళ డాక్టరని పేరుపెట్టారు. కాగితాన్ని నానబెట్టి ముద్ద చేసి రాతికి పట్టిస్తే, ఆరేటప్పుడు అది లోపలి ఉప్పుని లాక్కుంటుందట. అయితే ఆ యుద్ధం రోజుల్లో కాగితమేది? కచేరీ గుమాస్తాలే పాత కవర్లు చించి తిరగేసి రాసుకుంటున్నారు. కాగితం లేకపోతే దూది వాడదామన్నాడాయన, ఒక్క ముడి కూడా లేకుండా ఏకిన దూది కావాలన్నాడు.

ఇశ్రాయేలు ఇమాం సాహెబ్ కోసం వచ్చాడు. వెంట తీసుకుపోయింది ఖాతూన్ బీని.

"మగవాళ్ళెవరూ లేరా?" అన్నాడు చెన్నకేశవరావు ఆమెని చూసి.

"ఉన్నారు పంతులుగారూ, దగ్గుతున్నారు. దూది కావాలా, దగ్గు కావాలా?"

రాళ్ళ డాక్టరు నవ్వాడు. ఆమె తెచ్చిన ఏకుల్ని వేళ్ళ మధ్య విడదీసి, వెలుతురుకి పట్టి చూసి, ఆమెని ఒక రాతి దగ్గరికి తీసుకుపోయాడు.

నడుమెత్తు పలక అది. దాని మీద జనం, గుర్రాలు, గొడుగులు. ఒక మూల చిన్న తలుపు, ఆ తలుపుకి ఆనుకుని ఒక పిల్ల. వీధిలో పోయే ఊరేగింపుని చూస్తోంది. ఎవరో ఏదో అన్నట్టున్నారు, నవ్వొస్తుంటే కింది పెదవి పళ్ళతో పట్టుకుని ఆపుకుంటోంది. బొటనవేలంత ముఖం. ఆ ముఖంలో అంత నవ్వు. ఖాతూన్ బీ బొమ్మలకేసి చూసే మనిషి కాదు. వాళ్ళిళ్ళల్లో బొమ్మలుండవు. అయినా ఆ పిల్లని చూశాక పక్కకి చూడలేకపోయింది. ఆ చెంప మీద కూడా ఉప్పు నూగు సన్నగా లేస్తోంది.

"ఇది అన్నిటికంటే తొందరగా పాడైపోతోంది. దీంతో మొదలుపెట్టు" అన్నాడు రాళ్ళ డాక్టరు. ఎట్లా చెయ్యాలో చూపించాడు. దూదిని పలచగా పరిచి నీళ్ళలో తడిపి, రొట్టె తట్టినట్టు రాతి మీద తట్టాలి. మడతల్లోకి వేలికొసతో నొక్కాలి. మూడు నాలుగు రోజులకి అది ఎండి దానంతటదే ఊడొస్తుంది. ఊడిన దూదిని నాలిక కొసకి తగిలించి చూడాలి. మొదటిసారి ఉప్పు కషాయంలా ఉంటుంది. మారుస్తూ పోతే నాలుగైదు సార్లకి చప్పబడుతుంది. చప్పబడితే రాతికి జబ్బు తగ్గినట్టు. పులుపు తగలకూడదు, నూనె తగలకూడదు, ఇనుము తగలకూడదు. నీళ్ళు వాన నీళ్ళయినా ఉండాలి, కృష్ణ నీళ్ళయినా ఉండాలి.

ఆయన రైలెక్కి పోయాడు. వానలు పోయి రెండు నెలలయింది. కృష్ణకి బండి కట్టాలంటే ఎద్దులకి పొద్దంతా ప్రయాణం. చెన్నకేశవరావు తల గోక్కుంటూ నిలబడ్డాడు.

"ఏందయ్యా పంతులుగారూ ఆ దిగులు" అంది ఖాతూన్ బీ. "ఇంటిముందు పీర్ల బావి పెట్టుకుని కృష్ణకి పోవడమేంది? తాలూకా మొత్తమ్మీద అంత తియ్యటి నీళ్ళున్నాయా? మీ ఇంటికి పోతున్నయి ఆ నీళ్ళే గదా."

చెన్నకేశవరావుకి ప్రాణం లేచొచ్చింది. నిజమే. ఊళ్ళో సగం ఇళ్ళకి తాగే నీళ్ళు పీర్ల బావివే. పీర్ల పండక్కి పానకం కలిపేదీ ఆ నీళ్ళతోనే. వంద బిందెల పానకం పోస్తే కులంతో పనిలేకుండా అందరూ తాగి మూతి తుడుచుకునేవాళ్ళు. పీర్ల చలవతోనే ఆ బావికి అంత తీపని ఇమాం సాహెబ్ తాత చెప్పాడు, తండ్రి చెప్పాడు, ఆయనా చెబుతూనే ఉన్నాడు. ఆ బావి నీళ్ళు ఉప్పని అనే నోరు ఆ ఊళ్ళో పుట్టలేదు.

అట్లా పని మొదలైంది. పొద్దున్నే ఖాతూన్ బీ బావిలో బిందె ముంచి నెత్తిన పెట్టుకుని షెడ్డుకి పోయేది. ఆ పిల్ల ముఖం మీద దూది పరిచేటప్పుడు ఊపిరి కూడా బిగబట్టేది. ముక్కు పక్క మడత, చెవి పోగు కింద గుంట, నవ్వుకి లోపలికి పోయిన బుగ్గ, ఒక్కోటి వేలికొసకి అలవాటయిపోయాయి. పక్కింటి జాహెదా ఒకనాడు అడగనే అడిగింది.

"ఏం వదినా, బొమ్మలకి స్నానాలు పోస్తున్నావంట?"

"పోస్తున్నా. నీ మొగుడికి కూడా పొయ్యమంటావా? పోసి ఎన్నాళ్ళయిందో."

మొదటి దూది ఊడింది. నాలికకి తగిలిస్తే ఉప్పు గల్లు చప్పరించినట్టుంది. రెండోది కూడా ఉప్పే, మొదటిదానంత లేదు. మూడోది, నాలుగోది. తగ్గుతూ వచ్చి ఒకచోట నిలబడిపోయింది. అయిదోసారీ అంతే, ఆరోసారీ అంతే. దూది తీసిన వారానికల్లా చెంప మీద మళ్ళీ నూగు. చెన్నకేశవరావు మద్రాసుకి ఉత్తరం రాశాడు. రాతిలో ఉప్పు చానా ఉన్నట్టుంది, ఆపకుండా మారుస్తూ ఉండమని జవాబొచ్చింది.

ఎనిమిదో దూది ఊడదీసినప్పుడు దాని లోపలివైపు ఏదో మెరిసింది. గోరంత కూడా లేదు. ఖాతూన్ బీ వెలుతురులోకి తెచ్చి చూసింది. ఆ పిల్ల కింది పెదవి కొస అది. రాతి మీద ఆ చోట తెల్లటి గరుకు మచ్చ. పెదవిని పట్టుకున్న పళ్ళున్నాయి, పెదవి లేదు. నవ్వు ఆపుకుంటున్న ముఖం కాస్తా ఏదో నొప్పిని ఓర్చుకుంటున్న ముఖంలా తయారైంది.

ఆమె ఆ పెచ్చుని ఆకూవక్కా డబ్బీలో పెట్టి మూత వేసింది.

చెన్నకేశవరావు చూసి మొహం నల్లగా పెట్టాడు. "నీ దూదిలో ఏమన్నా కలిసిందేమో చూసుకో."

"నా దూదిలోనా?" అంది ఆమె. అని ఒక ఏకు తీసి, వెలుతురుకి పట్టి, పోగు పోగూ విడదీసి చూసుకుంది. ఖాతూన్ బీ తన దూదిని తానే అనుమానించడం ఇశ్రాయేలు ఎన్నడూ చూసి ఎరగడు.

ఆ ఎండాకాలమే ఇశ్రాయేలుకి పెళ్ళయింది. పెళ్ళాం రోశమ్మ పొందుగల పిల్ల. పుట్టి పెరిగింది కృష్ణ ఒడ్డున. ఒకరోజు మధ్యాన్నం మొగుడికి సద్ది తెచ్చి, ఎండన పడి వచ్చిందేమో, ఖాతూన్ బీ బిందెలోంచి చెంబెడు నీళ్ళు ముంచుకుని నోట్లో పోసుకుంది. పోసుకున్నది పోసుకున్నట్టే బయటికి పోయి ఉమ్మేసింది.

"ఏంది పిన్నీ ఇవి, ఉప్పు నీళ్ళు. ఇంటికాడ కూడా ఇట్టాగే చస్తున్నా. రాళ్ళకి పోసే నీళ్ళు వేరుగా ఉంటయ్యేమో అనుకున్నా."

"ఓహో, పొందుగల దొరసాని" అంది ఖాతూన్ బీ. "పీర్ల బావి నీళ్ళు ఉప్పంట. మీ ఏట్లో గేదెలు కడిగిన నీళ్ళు తాగి పెరిగిన నోరు, నీకేం తెలుసే రుచి?"

"గేదెలు కడిగినా తియ్యగానే ఉంటయ్ పిన్నీ. కావాలంటే చూడు, మా అన్న నిన్న బండిలో రెండు కుండలు తెచ్చి ఇచ్చిపోయాడు. ఈ నీళ్ళు గొంతు దిగక నేను చిక్కిపోతున్నానని."

"చిక్కావులే, వాకిలి పట్టడం లేదు."

ఇశ్రాయేలు నవ్వాడు. రోశమ్మ కూడా మూతి తిప్పుతూ నవ్వేసి పోయింది. ఖాతూన్ బీ నవ్వలేదు. బిందెలో చెయ్యి ముంచి నాలికకి రాసుకుంది. తియ్యటి నీళ్ళే. పుట్టిన్నాటినుంచి తాగుతున్న నీళ్ళు. మళ్ళీ రాసుకుంది. తియ్యగానే ఉన్నాయి. కానీ ఆ పిల్ల నటించలేదు. గొంతు దిగక ఉమ్మేసింది. అది కళ్ళారా చూసింది గదా.

మర్నాడు ఆమె రోశమ్మ గుమ్మంలో నిలబడి చెంబెడు కృష్ణ నీళ్ళు అడిగింది. అడగడం ఆమెకి చాతకాని పని. "ఊరికే, చూద్దామని" అంది ఎటో చూస్తూ. రెండు కంచు పళ్ళేలు బూడిదతో తోమి, ఒకే ఏకుని రెండుగా చీల్చి, ఒక ముక్కని బావి నీళ్ళలో, ఇంకో ముక్కని కృష్ణ నీళ్ళలో తడిపి చెరో పళ్ళెంలో పరిచింది. పెరట్లో ఎండకి పెట్టి, ఆరగానే మళ్ళీ అవే నీళ్ళు చల్లుతూ నాలుగు రోజులు కాపలా కాసింది. రాయి లేదు, చౌడు నేల లేదు. ఉన్నది దూదీ నీళ్ళే.

అయిదోనాడు కృష్ణ నీళ్ళ ముక్కని నాలికకి తగిలించింది. చప్పగా, ఏ రుచీ లేకుండా ఉంది. బావి నీళ్ళ ముక్కని తగిలించింది. షెడ్డులో అయిదోసారి తీసిన దూది, ఆరోసారి తీసిన దూది ఎట్లా ఉన్నాయో ఇదీ అట్లాగే ఉంది. పళ్ళెం అంచు చుట్టూ తెల్లటి చార కూడా కట్టింది. ఇంట్లో నీళ్ళు కాచే ప్రతి గిన్నెకీ ఆ చార ఉంది. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన్నాటినుంచి గోకి పారబోస్తూనే ఉంది. అదేందని ఒక్కనాడూ అడుక్కోలేదు.

పెరట్లోనే కూలబడింది. మొదటి నాలుగు దూదులు ఆ పిల్ల ఒంట్లోంచి ఉప్పు లాగాయి. ఆ తర్వాతవన్నీ లాగినంత ఉప్పునీ తిరిగి తాపాయి. తాపింది తన చెయ్యే. కృష్ణ నీళ్ళు కావాలని మద్రాసు పెద్దమనిషి నోరు తెరిచి చెబితే, కాదు మా బావి నీళ్ళే చాలని ఎగిరింది తన నోరే.

ఇమాం సాహెబ్ చావిడి నుంచి వచ్చి, రెండు పళ్ళేలూ చూసి, సంగతి విని చాలాసేపు దగ్గాడు.

"ఈ మాట బయట అనబాక."

"అనకపోతే ఎట్లాగయ్యా? ఆ రాయి రాలిపోతది."

"రాలేది రాయే. నువ్వా మాట అంటే రాలేది మనం. పీర్ల బావి ఉప్పని చావిడి సాయిబు పెళ్ళామే చెప్పిందంటే నేను పీరుని ఎత్తుకుని ఏ మొహంతో వీధిలోకి రావాలే? మా తాత అబద్ధం చెప్పాడని చాటుతావా?"

"మీ తాత అబద్ధం చెప్పలా. ఆయన నాలిక్కి కూడా తెలియలా, నాకు తెలియనట్టే."

"అదే జనంతో చెప్పి చూడు, వింటారేమో."

వినరని ఆమెకీ తెలుసు. ఆయన మీద కోపం కూడా రాలేదు. దగ్గి దగ్గి ఎర్రబడ్డ ఆ కళ్ళలోకి చూసి, పళ్ళేలు రెండూ లోపల పెట్టింది.

చెన్నకేశవరావుతో చెబితే ఆయన ముందు తలుపు దగ్గరికి వేశాడు. "గురువారం ఆఫీసరు గారొస్తున్నారు. కృష్ణ నీళ్ళే వాడుతున్నామని నేను రెండు ఉత్తరాల్లో రాసి ఉన్నాను. నువ్వు నోరు మెదపకు. రాతికి లోపలి జబ్బని చెబుతాను, ఆయనా అదే అనుకుంటున్నారు. పని ఆగిందనకుండా ఇవ్వాళ తొమ్మిదో దూది వేసెయ్యి."

"వెయ్యను."

"ఆయనొచ్చిందాకా ఉత్తుత్తిగానన్నా వెయ్యవే తల్లీ."

"ఉత్తుత్తిగా వేసినా తడి తడే పంతులుగారూ. ఆ ముఖానికి ఇంకో చుక్క తగలనియ్యను. మీరు వేస్తానంటే వెయ్యండి, ఏకు పట్టడం చేతనైతే."

గురువారం రాళ్ళ డాక్టరు వచ్చాడు. తలుపుకాడి పిల్ల ముందు వంగి, అద్దం పెట్టి చూసి చూసి, నిటారుగా లేచేసరికి ఆయన ముఖంలో రంగు లేదు. చెన్నకేశవరావు లోపలి జబ్బని మొదలుపెట్టాడు. రెండు వాక్యాలు కూడా పూర్తికాలేదు.

"లోపలి జబ్బు కాదయ్యా" అంది ఖాతూన్ బీ. కొంగులోంచి రెండు పళ్ళేలు తీసి బల్ల మీద పెట్టింది. పక్కన ఆకూవక్కా డబ్బీ పెట్టింది. అప్పటికి అందులో మూడు పెచ్చులున్నాయి. "ఇది కృష్ణ నీళ్ళది. ఇది మా బావిది. నేను వాడింది బావిది. కృష్ణకి బండి ఎందుకని పంతులుగారికి చెప్పింది కూడా నేనే. ఇంకెవరి నెత్తినా వెయ్యబాకండి."

ఆయన రెండు దూదుల్నీ నాలికకి తగిలించాడు. చెన్నకేశవరావు కేసి ఒకసారి చూశాడు. ఆ చూపుకి పంతులు గోడకి అతుక్కుపోయాడు.

"నీకు తెలియలేదా? తాగే నీళ్ళేగా?" అన్నాడు ఆమె వైపు తిరిగి.

"తాగేవే గనక తెలియలేదు. ఇప్పుడు తెలిసినా నాలిక్కి మాత్రం తియ్యగానే ఉన్నయ్."

తిట్టి ఉంటే బాగుండేది. ఆయన తిట్టలేదు. ఈ పలకని ఇక ఇక్కడ ముట్టుకోవద్దనీ, పైపొర మరీ వదులైపోయిందనీ, మద్రాసు పంపితే ఏమన్నా నిలుస్తుందేమో చూస్తాననీ అన్నాడు. మిగతా రాళ్ళకి కృష్ణ నీళ్ళతో ఆమే చెయ్యాలన్నాడు. ఆ చివరి మాట ఆమె చెవికెక్కలేదు.

"అక్కడ నీళ్ళు మంచివేనా?"

"మరిగించి, ఆవిరి పట్టి, చల్లార్చిన నీళ్ళు. ఏమీ ఉండదు వాటిలో."

"పెదవి వస్తదా?"

ఆయన డబ్బీ మూత వేశాడు. "అతికించి చూడొచ్చు. కానీ అంచులు పిండైపోయాయి."

సాయంత్రానికి మాట వీధికి చేరింది. ఖాతూన్ బీ బావి దగ్గరికి వచ్చేసరికి ఆడాళ్ళు మాటలాపి బిందెలు పక్కకి జరుపుకున్నారు. జాహెదా గట్టిగానే అంది, "ఉప్పు నీళ్ళు తోడుకుంటున్నావేం వదినా? మద్రాసు దొర కృష్ణ నీళ్ళు పంపలేదా?"

"మనుషులకి సరిపోతయ్యిలే. రాళ్ళకే పనికిరావు" అంది ఖాతూన్ బీ.

ఎవరూ నవ్వలేదు. ఇమాం సాహెబ్ ఆ వారమంతా చావిడిలోనే పడుకున్నాడు. సద్ది పంపితే తిన్నాడు గానీ ఇంటికి రాలేదు.

రాయిని కట్టే పని ఆమెదే అయింది. ఇంకొకరికి ఇవ్వనంది. రెండు రోజులు కూర్చుని దూది ఏకింది. ఈసారి తడపడానికి కాదు, పొడిగా పరవడానికి. చెక్కపెట్టె అడుగున మూరెడు మందం పరిచి, పలకని నలుగురు మనుషుల చేత ఎత్తించి, ముఖం పైకుండేట్టు పడుకోబెట్టింది. ఆ మూలని తానే సర్దింది. వేళ్ళు ఎక్కడ నొక్కాలో, ఎక్కడ ముట్టుకోకూడదో ఆ వేళ్ళకే తెలుసు. చెంపకి రెండు పక్కలా దూది గుచ్చి, ముఖం మీద మాత్రం గాలంత పలచగా ఒక పొర వేసింది. ఇశ్రాయేలు మేకులు కొడుతుంటే ప్రతి దెబ్బకీ, మెల్లగా కొట్టరా అంటూనే ఉంది.

స్టేషన్లో కూలీలు పెట్టెని గూడ్సు పెట్టెలోకి ఎక్కించారు. ఏ వైపు పైకుండాలో తెలిసేట్టు చెన్నకేశవరావు సిరాతో బాణం గుర్తు వేశాడు. ఆమె దాన్ని నమ్మలేదు. కూలీల్ని పక్కకి జరగమని, చీర కుచ్చెళ్ళు ఎగదోపి, బండెక్కి, పెట్టె మీద అరచెయ్యి పెట్టి చూసుకుని దిగింది.

నెలా పదిహేను రోజులకి మద్రాసు నుంచి కార్డొచ్చింది. అప్పటికి ఖాతూన్ బీ ఇంకో రాతికి, విరిగిన గుర్రం కాలికి, కృష్ణ నీళ్ళతో దూది పరుస్తోంది. చెన్నకేశవరావు చదివాడు. ఒక రాయి చేరింది, పెట్టెలో ఏమీ విరగలేదు.

"ముఖం సంగతి?"

"అదే చదివాను గదా. రాయి చేరిందట."

"ముఖం ఎట్లా ఉందో రాయలేదా?"

ఆయన కార్డు వెనక్కి తిప్పి చూశాడు, మళ్ళీ ముందుకి తిప్పాడు. "రాయి అనే రాశారమ్మా."

ఆమె తడిదూదిని గుర్రం గిట్ట మీద నొక్కుతూ, ఇంకోసారి చదవమంది.